జూనోకి అమ్మ సాక్ష్యం

ఆల్బనీ, 2018. శనివారం మధ్యాహ్నం. కేర్‌హోమ్‌లో నర్సుగా మార్నింగ్ డ్యూటీ ముగించుకుని వచ్చిన శిరోమణి ముందు, వంటింటి బల్ల మీద, కూతురు లవ్లీ ఒక అట్టపెట్టె తెరిచింది.

"ఇదా? ఇది జూనోనా? పెరుగు డబ్బా అంత లేదు."

"మినీ అమ్మా. పాత జూనో 32 కంప్యూటర్‌లో సగం సైజు. డిజైన్ మాత్రం సేమ్ టు సేమ్. మా కంపెనీ మళ్ళీ తెస్తోంది."

"ఈ మీటలు కదలవేంటే?"

"అవి… అవి కదలవు. లుక్ కోసం."

"లుక్ కోసమా!"

"లోపల ముప్ఫై గేమ్స్ ఉన్నాయి. టీవీకి తగిలించి, ఈ రిమోట్‌తో ఆడుకోవడమే."

"మీటలు కదలవు. దాన్ని కంప్యూటరని అమ్ముతారు. మా కేర్‌హోమ్‌లో మతిమరుపు వచ్చినవాళ్ళకి ఇలాంటివే ఇస్తాం. వైరు లేని ఫోను, చెవి లేని తాళంకప్ప. పాపం, వాళ్ళకి జబ్బు. మీ కస్టమర్లకేం వచ్చిందంట?"

"అమ్మా, ప్లీజ్. మండే కల్లా వీడియో ఇవ్వాలి నేను. నువ్వు స్కూల్లో జూనో చూశావని మా మేనేజర్‌కి చెప్పేశాను. ఎగిరి గంతేశాడు."

"నన్నడక్కుండానే?"

"రెండే నిమిషాలు. ఇంగ్లీషులో రాసేశాలే, చదివితే చాలు. అర్థమేంటంటే, 'చిన్నప్పుడు ఏలూరులో జూనో మీటల మీద నా వేళ్ళు పరుగులు పెట్టేవి. ఆ రోజులు మళ్ళీ మా ఇంటికొచ్చాయి.'"

"ఎవరి వేళ్ళు?"

"నీవే."

"చర్చిలో లేచి సాక్ష్యం చెప్పమను, చెప్తాను. నాకు జరిగింది చెప్తాను. ఈ అబద్ధాలు నీకు యూనివర్సిటీలో నేర్పారా?"

"అబద్ధమేంటి? మీ స్కూల్లో ఉండేదని నువ్వే కదా చెప్పావ్?"

"ఉండేది. మిషన్ వాళ్ళు ఫారిన్ నించి తెచ్చిచ్చారు. స్కూలంతటికీ అదొక్కటే. ఉండేదన్నాను. ముట్టుకున్నానన్నానా?"

"ముట్టుకోలేదా?"

"టీ పెట్టనా నీకు?"

"అమ్మా."

"తొమ్మిదో క్లాసు మగపిల్లలకి బుధవారం ఒక కంప్యూటర్ పీరియడు, శుక్రవారం ఒకటి. చెప్పులు బయట విప్పి, కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళేవాళ్ళు, గుళ్ళోకెళ్ళినట్టు. ఆ పీరియడ్లో మాకు కుట్లూ అల్లికలూ."

"ఆడపిల్లలకి అసలు లేదా?"

"అడిగాను. హెడ్మాస్టరు జనార్ధనరావు గారి దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళి అడిగాను. లెక్కల్లో ఫస్టు నేను. 'నీకెందుకమ్మా ఇవన్నీ? మీ ఆడపిల్లలంతా రేపు నర్సింగుకేగా పోయేది' అన్నాడాయన. స్టాఫ్‌రూమంతా నవ్వారు."

"ఓ మై గాడ్."

"ఆయన మాటే నిజమైందిలే."

"అమ్మా, ఇది… ఇది చాలా బాగుంది!"

"ఏంటే బాగుంది?"

"ఇదే యాడ్! 'ఆ రోజు ఆమెని ముట్టుకోనివ్వలేదు. ఈ రోజు జూనో ఆమె చేతుల్లో.' నా చెయ్యి చూడు, రోమాలు ఎలా లేచాయో!"

"కదలని మీటలిచ్చి, ఇక ముట్టుకోమ్మా అంటారు. ఎంత దయ!"

"మీటలు కనపడకుండా తీస్తాలే. నువ్వు అలా దాని మీద చెయ్యేసి కూర్చో. కొంచెం కన్నీళ్ళొచ్చినా పర్లేదు."

"కన్నీళ్ళు కూడానా! మేం ఏడిస్తే మీ బొమ్మలు అమ్ముడుపోతాయి. ఇదేనా నువ్వు చేసే ఉద్యోగం?"

"ఎంతమంది ఆడవాళ్ళు నీలో తమని చూసుకుంటారో తెలుసా? నీకు అన్యాయం జరిగిందమ్మా. చెప్పుకోవాలి."

"ఫోను ఆన్ చేశావా?"

"చేశాను. రికార్డవుతోంది. తెలుగులోనే చెప్పు, కింద ఇంగ్లీషు వేస్తాం. ఆయన అలా అన్నాక నువ్వేం చేశావ్?"

"ఏం చెయ్యలేదు."

"ఏడ్చావా?"

"లేదు."

"మరి? మగపిల్లల నోట్సు చూసి నేర్చుకున్నావా? కిటికీలోంచి చూసేదానివా? ఏదో ఒకటి ఉంటుంది కదమ్మా."

"కిటికీలోంచి చూశాను. ఒకరోజు సాయంత్రం, స్కూలు వదిలాక."

"గుడ్! అది చెప్పు. కిటికీలోంచి…"

"తలుపుకి తాళం లేదు ఆ రోజు."

"లోపలికెళ్ళావా? అంటే ముట్టుకున్నావన్నమాట! సూపర్ అమ్మా! ఏం టైప్ చేశావ్? నీ పేరా?"

"ఆపు లవ్లీ."

"మంచి చోట ఆపమంటావేంటి? చెప్పు. తర్వాత?"

"తర్వాతేముంది. మర్నాడు మగపిల్లలు స్విచ్చేశారు. పొగొచ్చింది. విప్పి చూస్తే లోపలంతా తడి. అంతే, ఆ స్కూల్లో మళ్ళీ కంప్యూటరు లేదు."

"అయ్యో! తడెలా వచ్చింది? వానకా?"

"గది తుడిచే నాగమణి బకెట్టు ఒలకబోసిందన్నారు. 'నేను కాదయ్యా, నేను కాదయ్యా' అని హెడ్మాస్టరు కాళ్ళు పట్టుకుంది. వినలేదు. ఆ పూటే పనిలోంచి తీసేశారు. చంకలో పిల్లతో గేటు దాటి వెళ్తుంటే, వరండాలో నిలబడి చూశాను నేను."

"పాపం. కానీ అమ్మా, యాడ్‌కి అది వద్దు. నెగెటివ్ అయిపోతుంది. కట్ చేసేస్తాలే."

"కట్ చెయ్యకు. ఆ నీళ్ళు పోసింది నేను."