బ్రేకులు గూట్లో పెట్టి పోయిన మద్దిలేటన్న

ఏందప్పా, ఆ పాత బండికి సైలెన్సరు పీకి అరుగు మీద పెట్టినావు? ఇంకా ఉరకాలనా? సరేలే, కూర్చో. ఆ నూనె చేతులు మంచానికి పూయొద్దు, గుడ్డ ఉండాది చూడు. పాత బండిని ఉరికించేదంటే నీకు మా మద్దిలేటన్న సంగతి తెలీదు. మద్దిలేటిరెడ్డి. నువ్వు పుట్టకముందే పాయె. నాకు పెదనాయన కొడుకు. శిరివెళ్ల పక్కన మా ఊరు, ఆయప్ప ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. ఇదంతా యాభై ఏడో, యాభై ఎనిమిదో. కర్నూలు అప్పటికి రాజధాని గాదు, మా కళ్ల ముందరే దాన్ని హైదరాబాదుకు ఎత్తకపోయిరి, ఆ ఏడుపు వేరే. మద్దిలేటన్నకు మాత్రం రాజధాని యాడుంటే ఏమి, ఆయప్పకు ఎద్దుల పిచ్చి. తిరునాళ్లలో బండలాగుడు పందేలు పెడ్తారు గదా, ఆయప్ప ఎద్దులు దిగినాయంటే పక్కూరోళ్లు తమ ఎద్దులను ఇప్పుకొని ఇండ్లకు పోయేటోళ్లు. ఎద్దు పండ్లు చూసి, గంగడోలు పట్టి చూసి, ఇది ఎంతకాలం లాగుతాదో చెప్పేటోడు. మనుషులను కూడా అట్లనే చూసేటోడు, నా పెండ్లిచూపుల్లో పిల్ల నోరు తెరిపిస్తాడేమోనని నాకు ఒకటే భయం.

ఆ టయానికి నంద్యాల మిషనులో ఒక దొర ఉండె. ముసలోడు అయినాడు, ఇంగ్లాండుకు పోతాండాడు. పోతా పోతా తన మోటారుసైకిలు మిషను బడి అయ్యవారు ఇమ్మానుయేలుకు ఇచ్చిపాయె. ఇమ్మానుయేలు అయ్యవారికి సైకిలు తొక్కేదే భయం. మద్దిలేటన్నను పిలిచి, "అన్నా, ఇది మామూలు బండి గాదు, పందెపు బండి. దొర వయసులో ఉన్నప్పుడు మద్రాసు కాడ దీంతో పందేలాడినాడంట" అన్నాడు. పందెం అన్న మాట చెవిన పడినాక ఇంక ఆయప్పను ఆపేదెవరు? ఏమిచ్చినాడో, ఎంతిచ్చినాడో తెలీదు, సాయంత్రానికి బండిని ఎద్దులబండిలో ఏసుకొని ఊర్లోకి తెచ్చె. మా రామేశ్వరమ్మొదిన వాకిట్లో నిలబడి చూసి, "చచ్చిన దున్నను తెచ్చినట్టు తెచ్చినావే!" అనె.

ఆయమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. బండి పాతదై దగ్గుతాండె. ఊర్లోంచి రోడ్డెక్కేలోపల మూడుసార్లు అలుగుతాండె. దీనికి తోడు, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సు తోలేది ఎవరనుకున్నావ్? మా వదిన అన్న శ్రీనివాసులు. సొంత బస్సు. ఆళ్లగడ్డలోనే ఇల్లు, రోడ్డు మీదకే వాకిలి. ఈయప్ప బండి మీద పోతాంటే ఆయన ఎనకనుంచి హారను కొట్టి, దాటేటప్పుడు తల బయట పెట్టి, "బావా! దిగి తోస్తే ఇంకా తొందరగా పోతాదేమో చూడు!" అని అరిచేటోడు. బస్సులో ఉండేటోళ్లంతా నవ్వేది. బావమరిది ఎగతాళి చేస్తే ఎవరైనా పడతారు, బస్సు నిండా జనం నవ్వితే యాడ పడేది?

ఇంక చూడు, ఈయన తల ఎట్ల పనిచేసిందో. వయసుమళ్లిన ఎద్దును మళ్లీ పందేనికి దించాలంటే ఏం చేస్తాం? బాగా మేపుతాం, ఊపిరి ఆడనిస్తాం, మీద బరువు దించుతాం. అదే ఈడ కూడా. ఊపిరాడాలని ముందు సైలెన్సరు పీకినాడు, నువ్వు పీకినట్టే. తన్ని స్టార్టు చేస్తే మా ఇంట్లో ఉట్టి మీద కుండ కింద పడింది. ఊర్లో కోళ్లు గుడ్లు పెట్టేది మానేసినాయని ఆడోళ్లు కొట్లాటకు వస్తే, "కోళ్లదేముంది, అలవాటు పడతాయి" అంటాడు. ఆ తర్వాత మేపు. ఇమ్మానుయేలు అయ్యవారు యాడో గుర్తుచేసుకొని, దొర పందెం నాడు ఇంజనులోకి ఆముదమే పోసేటోడని చెప్పె. నిజమే అంటప్పా, పందెపు బండ్లకు ఆముదమే పోసేటోళ్లంట. ఈయప్పకు కండ్లు మెరిసినాయి. ఆముదానికి యాడికో పోవల్నా? మా వదిన చెల్లెలి కాన్పు దగ్గర పడిందని, పసిబిడ్డకు పనికొస్తాదని, స్వయంగా గింజలు దంచి కాచి, జాడీలో పోసి గుడ్డ కట్టి అటక మీద పెట్టుండె. అంతా ఇంజనులోకి పాయె. జాడీ కూడా కడిగి పెట్టలే.

వదిన గొంతు నాకు గోడ అవతల నుంచి వినపడింది. అరవలే. అరిచినా బాగుండు. "నేను పదిసార్లు పిలిస్తే ఒకసారి పలకవు, దాని పక్కన పొద్దంతా కూర్చుంటావు. కానీ. నీకు కావల్సింది యాడుందో నువ్వే చూసుకో" అని, చీరలు మూట కట్టి, వాళ్లన్న బస్సే ఎక్కి ఆళ్లగడ్డకు పాయె. మరుసటి రోజు శ్రీనివాసులు మా ఊరి కాడ బస్సు ఆపి, జనమంతా వింటాంటే చెల్లెలి గొంతు పెట్టి మరీ చెప్పె: "మా అన్న బస్సు కంటే ముందు నువ్వు మా ఇంటికి రా. వస్తే ఆ బండెక్కే నీ ఎనక వస్తా. రాకుంటే దాన్ని పాత ఇనుముకు ఏసి, ఎద్దులబండి కట్టుకొని, అందరూ చూస్తాంటే వచ్చి పిల్చుకొనిపో." మద్దిలేటన్న మీసం తిప్పి "సరే పో!" అన్నాడు గానీ, లోపలికి పోయి అడుగంటిన సంగటి తింటా కూర్చున్నప్పుడు చూసినా నేను. బండి పోతాదేమోనని బాధ ఒకటి, మనిషి రాదేమోనని బాధ ఒకటి, రెండోది పైకి చెప్పుకోలేడు. అందుకని చేతిలో ముద్దను తిడతాండాడు.

మేపు అయింది గానీ బండిలో ఇంకా పట్టు రాలే. ఎవరో నంద్యాలలో చెప్పినారు, ఇంజను తలకాయను అడుగున రవ్వంత అరగదీస్తే లోపల జాగా తగ్గి, పెట్రోలు బాగా బిగిసి మండుతాది, బలం పెరుగుతాదని. దానికి మిషను యాడుంది మనకాడ? ఆయప్పకు తట్టింది చూడు, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శేషయ్య ఆచారి. దేవుని పీఠం ఊగకుండా ఉండాలని ఆచారి కాడ అద్దమట్ల నున్నగా తేల్చిన నల్లబండ ఉండాది, దాని మీద పెట్టి రుద్దుతాడు. ఇంజను తలకాయను తువాలలో మూటకట్టి, అత్తగారింటి ముందర పోకుండా సందుల్లో దూరి, ఆచారి కాడికి పోయినాడు. ఆచారి మూట ఇప్పి చూసి, "ఏ దేవునిది ఇది?" అనె. సంగతి చెప్తే, "ఆ బండ మీద దేవుండ్లే కూర్చున్నారు రెడ్డీ. స్నానం చేసి రా. కర్పూరం తేవాల. తూర్పుకు తిరిగి కూర్చోవాల" అని మొదలుపెట్టె. ఈయప్ప బావి కాడికి పోయి నెత్తిన నీళ్లు పోసుకొని వచ్చె. ఆచారి బండ మీద మెత్తని రాతిపొడి చల్లి, నీళ్లు చిలకరించి, ఇంజను తలకాయను గుండ్రంగా తిప్పి తిప్పి రుద్దినాడు. ఒక వడ్లగింజ మందం పాయె. చేతికిస్తా, "విగ్రహానికి కడాకు తెరిచినట్టు కండ్లు మాత్రం నేను తెరవను, దీనికి కండ్లు యాడున్నాయో నాకు తెలీదు" అనె. ఆ మాట ఆళ్లగడ్డంతా పాకింది. మా వదినకు కూడా తెల్సింది. మొగుడు తడిగుడ్డలతో తన వీధి పక్క సందులోంచి దొంగమాదిరి పోయినాడని వాళ్లమ్మ చెప్తే, ఆయమ్మ చేట ఎత్తుకొని లోపలికి పాయెనంట.

తలకాయ బిగించి తన్నితే, అది తిరిగి తన్నింది. కుంటుకుంటా లేచి, "ఇప్పుడు పొగరు వచ్చిందిరా దీనికి!" అని మొగము ఇంత చేసుకున్నాడు. ఇంక మిగిలింది బరువు. మడ్డుగార్డులు పాయె, దీపం పాయె, హారను పాయె. ముందర బ్రేకు చూసినాడు. "ఇదేం చేస్తాది?" అనె. "ఆపుతాది అన్నా" అంటి నేను. "పందెంలో ఆపే పనేముంది?" అదీ పీకె. ఎనక బ్రేకు చక్రానికి రాసుకుంటాదని, అదీ పీకె. ఇంజనును ఆర్పే తీగ కూడా ఊరికే ఏలాడుతాందని కోసేసె. నవ్వద్దు, ఆయప్ప లెక్కలో తప్పు లేదు. బండలాగుడు పందెంలో ఎద్దును ఎవడు ఆపుతాడు? ఎనక కట్టిన బండే ఆపుతాది. జల్మంతా అదే చూసిన మనిషి. ఇంటికాడ ఉరికించి చూసినప్పుడల్లా గడ్డివామిలోకి పోయి గుద్దేటోడు, అంతే, నిలబడేది. బండిని ఆపే సామాన్లన్నీ గోడ గూట్లో వరుసగా పెట్టి, పందెం పొద్దున బండిని ఎద్దులబండిలో ఏసుకొని నంద్యాలకు పాయె, బస్సు బయలుదేరేది ఆడి నుంచే గదా.

నేను బస్సులో ఉండా. కండక్టరు బాలస్వామి గంట తాడును చేతికి చుట్టుకొని నిలబడినాడు, ఎవరూ లాగకుండా. శిరివెళ్లలో సంబంధం మాట్లాడేదానికి పోయే పెద్దాయన ఒకాయన ఉండె, పండ్ల బుట్టతో. శిరివెళ్ల వస్తే బాలస్వామి "దిగుతావా తాతా?" అంటే, "దిగేదేంది, పోనీయప్పా, పెండ్లి యాడికి పోతాది!" అనె. ముందర మద్దిలేటన్న యాడుండాడో దుమ్ముకు కనపళ్లే. వాసన మాత్రం వస్తాండె. రోడ్డంతా పసిబిడ్డకు తలంటినట్టు ఆముదం వాసన. శ్రీనివాసులు స్టీరింగు మీద పడుకొని తోలుతాండాడు, నోట్లోంచి బూతు తప్ప ఇంకోటి రావడం లే.

ఆళ్లగడ్డ దగ్గరపడేసరికి ఈయప్ప బాగా ముందు పడినాడు. గెలిచినాడు. అత్తగారి ఇల్లు కనపడింది. వాకిట్లో మనిషి కూడా కనపడింది. ఆపేదానికి చేతి కాడ పెట్రోలు తగ్గించే పిడిని తిప్పితే, అది లోపల యాడనో ఇరుక్కొని తిరగలే. కాలు బ్రేకు కోసం ఎతికింది. చెయ్యి తీగ కోసం ఎతికింది. అన్నీ ఇంట్లో గూట్లో ఉండాయి. గడ్డివామి అన్నా యాడన్నా ఉందా అని చూసినాడంట, ఆళ్లగడ్డ బజారులో గడ్డివామి యాడ పెడ్తారు? ఇంటికొచ్చే అల్లునికి కాళ్లకు నీళ్లియ్యాల గదా, మా వదిన చెంబు పట్టుకొని నిలబడి ఉండె. మొగుడు నోరు తెరుచుకొని వస్తాండాడు, పోతాండాడు. ఆయమ్మకు ఏం తోచిందో ఏమో, చెంబెడు నీళ్లు ఇసిరి కొట్టె. ఆయప్ప అట్లనే దువ్వూరు పక్కకు పాయె. ఆళ్లగడ్డ వరకే సరిపోతాదని కొలిచి పోసిన పెట్రోలు, ఆ పొద్దు చాగలమర్రి పొలిమేర దాకా లాగిందప్పా!

బస్సు వచ్చి ఆగింది. శ్రీనివాసులు దిగి, "యాడుండాడు బావ? రాలే! రావడమంటే దిగాల. కాళ్లు కడుక్కోవాల. అప్పుడు గదా అల్లుడు వచ్చినట్టు!" అని పందెం తనదేనంటాడు. ఊరంతా అదే మాట. వదిన గడప మీదే కూర్చోనింది, అన్నం తినలే. పొద్దు వాలే టయానికి మద్దిలేటన్న బండిని తోసుకుంటా వస్తాండాడు. తల ఎత్తలే. బండిని గోడకు ఆనించి, "ఓడిపోయినా. రేపే అమ్మేస్తా. ఎద్దులబండి కట్టుకొని వస్తా" అనె. వదిన లేసి, మొగుని కాళ్లు చూపించె. చూస్తే ఏముంది, ఒళ్లంతా ఎర్ర దుమ్ము, మోకాళ్ల కింద మాత్రం బురద, ఎండి గట్టిపడిపోయింది. "వాన పడిందా అన్నా ఈ పొద్దు?" అని అడిగె. "కాళ్లకు నీళ్లిచ్చింది నేను. మా ఇంటాయన వచ్చినాడు. నీ బస్సు అప్పటికి యాడుందో నువ్వే చెప్పు" అని, మూట తెచ్చుకొనేదానికి లోపలికి పాయె.

మరుసటి రోజు శ్రీనివాసులే బస్సు పంపించి ఆ బ్రేకులు తెప్పించి బిగించినాడు. ఆయమ్మ బండెక్కి కూర్చోనింది. ఇంక ఆ తర్వాత ఎన్నేండ్లు చూసినామో వాళ్లిద్దర్నీ ఆ బండి మీద. అంత బలం తెచ్చిన బండిని ఆయప్ప తోలేది చూస్తే నీకు నవ్వొస్తాది. సైకిళ్లోళ్లు దాటుకొనేది, ఎద్దులబండోళ్లు దాటుకొనేది. ఒకసారి నేనే అడిగినా, "ఏందన్నా, అంత అరగదీసి, అంత పీకి, ఇట్ల పాకుతాండావే?" అని. ఎనక్కి తిరిగి చూసి, "ఇంక తొందరేముంది రా? ఎవరికోసం ఉరికినానో ఆయమ్మ ఎనకనే కూర్చోనుంది గదా" అనె. వదిన మొగుని ఈపున ఒక్కటేసె.

ముందు ఆయమ్మ పాయె. బండి ఆ పొద్దు ఆపినాడు, మళ్లీ...

ఆ గుడ్డ ఇట్లియ్యి. అన్నం తిన్నావా నువ్వు?