ఉచ్చంగెమ్మ మింగించిన మాత్రలు

ఏందీ, కొత్తగా పనికొచ్చిన పిల్లను నేను ఉచ్చంగీ అని పిలిస్తినా? నాకు తెలియనే లేదు చూడు. ముప్పై ఏండ్ల మీదైంది ఆమె పోయి, నోట్లో మాత్రం ఉండిపోయింది ఆ పేరు. నీకెప్పుడూ చెప్పలేదా? మీ అమ్మకు తెలుసు, స్వల్ప స్వల్ప. కూర్చో ఈడ. ఆ చిక్కుడుకాయలు ఇట్లియ్యి, ఈనెలు తీస్తా చెప్తా.

ఉచ్చంగెమ్మది తారానగర్ దిక్కు. మొగుడు గాళెప్ప గనిలో రాళ్లు కొట్టేవాడు. సాయంత్రం ఇంటికొస్తే మనిషి కనపడడంట, ఎర్రదుమ్మే నడిచొచ్చినట్ల ఉంటాడంట. ఆ దుమ్ముకు రొమ్ము చెడి, ఆపైన టీబీ పట్టుకునింది. సర్కారు ఆస్పత్రిలో సూదులు వేసిరి, మాత్రలిచ్చిరి. మూడు నెల్లకు దగ్గు నిలిచిపోయె, కండ పట్టె. ‘నాకేమాయెనే, ఇంక చాలు, సాకు’ అని మాత్రలు ఇడిసిపెట్టి మళ్లా గనికి పోయినాడు. ఏడాది తిరక్కుండా మళ్లా వచ్చింది. ఈ తూరి ఏ మందుకూ లొంగలేదు. ఆయన పోయినాక ఈమెకూ అదే తేలింది. ఈమె మాత్రం ఏడాదిన్నర, ఒక్క దినం తప్పకుండా మింగి బాగైంది. ఆమేలె, అదంతా అయినాక, బళ్లారికొచ్చి, కంటోన్మెంట్ వెనక గుడిసె వేసుకొని, మా ఇంట్లో గిన్నెలు తోమేకి చేరింది. ఇదంతా మాకు తెలీదు అప్పుడు. చెప్తే ఎవరు పెట్టుకుంటారు పనిలో?

మా మామ విరూపాక్షయ్య, అంటే నీకు ముత్తాత, ఆయనకు బెల్లం మండీ, బజారంతా శెట్రు అని పిలిచేది. బండి దిగిన ప్రతి గుండూ గిల్లి, నాలిక మీద వేసుకొని, ఇది ఫలానా ఊరి బెల్లం అని కండ్లు మూసుకొని చెప్పేవాడు. దాంతోనే షుగరూ తెచ్చుకున్నాడు. డాక్టరు తినొద్దంటే, ‘నేను తింటాండానా, రుచి చూస్తాండా అంతే’ అనేవాడు. ఎనభై ఆరో ఎనభై ఏడో, సరిగ్గా గుర్తులేదు, మీ అమ్మకు రెండేండ్లు. మామకు దగ్గు పట్టుకునింది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చగయ్యేది, పంచె నడుము మీద నిలిచేది కాదు. మా అత్త వాసవాంబ మిరియాల కషాయం కాచి పోసేది. ‘మండీ దుమ్ము పడలేదు, అంతే’ అనేది. నెల దాటినా దగ్గు పోలేదు.

ఉచ్చంగెమ్మ వాకిలి ఊడుస్తా ఊడుస్తా నిలబడి ఆ దగ్గు వినేది. ఒక దినం చీపురు పక్కన పెట్టి, ‘అమ్మా, శెట్రు దగ్గు నాకు తెలిసిన దగ్గే. మా ఆయన ఇట్లనే దగ్గినాడు. కఫం పరీక్ష చేయించండమ్మా. నాకూ వచ్చి పోయింది, మందుంది దీనికి’ అనె. ‘నాకూ వచ్చి పోయింది’ అనింది చూడు, ఆ మాటతో అయిపోయింది. మా అత్త లేచింది. ‘ఏమంటివీ? నీకుండిందా? ఆ చేతుల్తో మా గిన్నెలు తోముతాండావా? నువ్వే కదే తెచ్చి పెట్టింది మా ఇంటికి!’ వీధి వీధంతా వినపడేట్ల అరిచి, నిలబడిందాన్ని నిలబడినట్ల బయటికి పంపించింది. ఆమె తోమిన ఇత్తడి బిందె గూడ దొర్లించింది బయటికి. ఉచ్చంగెమ్మ బిందెను గోడకు ఆనించి పెట్టి పోయింది. నేను మీ అమ్మను చంకనెత్తుకొని తలుపు వెనక ఉండాను. ఆమె చెప్పింది నిజమేనని నాకు తెలుసు. మామ పంచెలు ఉతికేది నేనే కదా, చెమటకు ఎట్ల తడిసేవో నాకు తెలీదా. అయినా నోరు తెరవలా.

పది దినాలు గాలేదు, మండీలో జనం మధ్య మామ దగ్గి దగ్గి, తెల్ల తుండు ఎర్రగాయె. ఆస్పత్రికి తీసుకపోయిరి. మూడు తూర్లు కఫం చూసి, టీబీనే అనిరి. ఆ డాక్టరు మెల్లగా మాట్లాడే మనిషి. మా అత్త పనిమనిషి సంగతి ఎత్తితే ఆయన నవ్వె. ‘గిన్నెల్లో రాదమ్మా ఇది. దగ్గితే గాలిలో వస్తాది. ఆమె ఎప్పుడో బాగైంది, ఆమెనుంచి రాదు. ఇది ఒంట్లో చేరి ఏండ్ల తరబడి నిద్రపోతాంటాది. షుగరు ముదిరి బలం తగ్గితే లేస్తాది. అందుకే షుగరోళ్లు రెండు వారాలు దగ్గితే ఊరికే ఉండకూడదు’ అనె. మామ బయటికొచ్చి జట్కా ఎక్కి, ఇంటికి గాదప్పా, కంటోన్మెంట్ దిక్కు పోనియ్యి అన్నాడు.

గుడిసె ముందర నిలబడి, తన దగ్గు ఆమెకు తగలకుండా ముక్కుకు తుండు అడ్డం పెట్టుకొని, ‘ఉచ్చంగీ, మాది తప్పాయె. నువ్వు చెప్పిందే నిజం’ అన్నాడంట. బజార్లో ఆయన ఎదురొస్తే చెప్పులిడిసే వాళ్లుండిరి. ఆమె ‘గిన్నెలు తోమేకి రాను శెట్రే. మాత్రలు మింగించేకి వస్తా’ అనిందంట.

వచ్చింది. దినామూ పొద్దున్నే. లోపలికి రాదు, వసారాలో కూర్చుంటాది. కిటికీలన్నీ తెరిపించింది. ఉమ్మే డబ్బాలో ఫినాయిల్ పోయించింది. ఒంటికి పోయినప్పుడు ఎర్రగా వస్తే మామ రక్తమని బెదిరిపోయె, ‘అది మాత్ర రంగు శెట్రే’ అని నవ్వింది. మొదటి దినమే నన్ను పిలిచి అడిగింది, ‘పాపను ఎత్తుకొని ముద్దులాడతాండె కదా శెట్రు, పాపకు చూపించినారా?’ అని. ఆ దినమే పాపను ఎత్తుకొని ఆస్పత్రికి పోతి. చూపిస్తే రోగం లేదనిరి, కానీ రాకుండా ఆరు నెలలు దినానికొక మాత్ర ఇయ్యాలనిరి. ‘రోగం లేని పిల్లకు మందేందే?’ అని అత్త అడ్డం పడె. ‘వేస్తానత్తా’ అన్నా. ఆ ఇంట్లో నేను ఎదురు చెప్పిన మొదటి మాట అదే. వేసినా, ఆరు నెలలూ.

మూడో నెలకు మామకు రంగొచ్చె, దగ్గు పోయె. ఒక దినం మాత్రలు పక్కకు తోసి, ‘బాగైనాను కదా, సాకు’ అనె. ఉచ్చంగెమ్మ మొకం చూడాల్సింది నువ్వు! ‘మా గాళెప్ప గూడ ఇదే మాట అనె శెట్రే, ఇదే మూడో నెల. నేను సరే అంటి. నేనే నీళ్లు కాచి పోసి గనికి పంపిస్తి. మీకు మాత్రం అనను. మీరు మింగేదాకా నేను ఈడనుంచి లెయ్యను’ అనె. ఎండెక్కె. మండీనుంచి రెండు తూర్లు పిలుపొచ్చె. ఆమె కదల్లా. ఆఖరుకు మామ చెంబు తీసుకొని గటగటా మింగి, ‘మొండిదానివే నువ్వు’ అన్నాడు. ‘బెల్లం రుచి గూడ గుమాస్తాను చూడమనండి’ అనింది ఆమె. అంతే, ఆ దినంనుంచి గిల్లలేదు ఆయన. ఆపైన పన్నెండేండ్లు బతికినాడు.

ఆఖరు మాత్ర దినం అత్త తానే వసారాలోకి వచ్చి, ‘లోపలికి రావే, ఆకేసినా, కూర్చోని తిని పో’ అనింది. తప్పాయె అనే మాట ఆమె నోటికి రాదు, అట్ల చెప్పుకునింది అనుకుంటా. ఉచ్చంగెమ్మ కొంగు దోపుకొని, ‘ఇంకో దినం వస్తా అమ్మా. ఆ పక్క వీధిలో టైలరు ఒకాయన ఉండాడు, ఆయనా మాత్రలు ఇడిసిపెట్టేట్ల ఉండాడు. పొద్దాయె’ అని పోయింది. రాలేదు ఆమేలె. వీధి వీధికీ ఆమెకు ఎవరో ఒకరు ఉండనే ఉండిరి. కొన్నేండ్లకు తమ్ముని ఇంటికి పోయి, ఆడనే జ్వరమొచ్చి పోయిందంట. మాకు నెల తర్వాత తెలిసె.

మామ తప్పాయె అన్నాడు. అత్త ఆకేసింది. తలుపు వెనక ఉండిపోయిన నేను... దినామూ ఎదురుగానే ఉండె కదే ఆమె, ఎనిమిది నెలలు, ఆ వసారాలో...

చిక్కుడుకాయలు అయిపోయె. పో, పొయ్యి మీద పప్పు చూడు.