గంగాంబ దగ్గర పుస్తకం, నా దగ్గర అట్ట

"నానీ, రేషన్ కార్డు దొరికింది గానీ, ఇదేంది? అట్ట మీద పుస్తకం పేరుంది, లోపల ఒక్క కాగితం కూడా లేదు!"

ఇటియ్యి. మెల్లగానే, మూల నలుగుద్ది. నలిగితే మాత్రం ఇప్పుడేమైందిలే. ఇయ్యి.

కార్డు తెమ్మని పెట్టె దగ్గరికి పంపితే దీన్ని లాక్కొచ్చావా? కూర్చో అయితే. ఆ ఫోనేంది నా మొహాన పెట్టావు? నా మాటలు పట్టుకుంటన్నావా? పట్టుకో. మీ తాత బతికినన్నాళ్ళూ ఒక్క మాట పట్టుకోలా, నువ్వన్నా పట్టుకో.

చూడు ఈ అక్షరాలు. ఏడో బురుజు. సీసం అక్షరాల్ని కుంపటి మీద వేడి చేసి, బంగారు రంగు రేకు పరిచి, దాని మీద ఒత్తాలి. ఎక్కువ వేడైతే అట్టకంటించిన గుడ్డ మాడుద్ది, తక్కువైతే రంగంటదు. ఇవి నేనొత్తినయ్యే. చివరక్షరం చూడు, కాస్త పక్కకి పోయింది. అబ్బా చూసి నవ్వాడు. "నీ బురుజు ఒరిగిందే ఖాసింబీ" అన్నాడు.

అబ్బా అంటే మా నాయన, మీ అమ్మకి తాత. నరసరావుపేటలో బైండింగ్ షాపు. షాపంటే షాపు కాదులే, ఒక అరుగూ, పైన ఒక రేకూ. కోర్టు కాగితాలు, బడి రిజిస్టర్లు, అన్నీ వచ్చేయి. రామాయణం వచ్చినా ఖురాను వచ్చినా చేతులు కడుక్కునే ముట్టుకునేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ చెప్తా.

నేను ఏడో క్లాసు దాకా చదివా. తర్వాత షాపులో కూర్చుని కుట్టడమే. ఆ రోజుల్లో వీక్లీల్లో సీరియళ్ళు వచ్చేయి కదా, ఆడోళ్ళు వారం వారం ఆ పేజీలు చించి దాచి, కథ అయిపోయినాక మా దగ్గరికి తెచ్చి బైండు చేయించుకునేవాళ్ళు. ఒక పక్క రాజుగారి యుద్ధం, తిప్పితే వెనకాల తలనొప్పి మాత్రల ప్రకటన. అట్టాగే చదివేవాళ్ళం. నేనైతే కుడతా కుడతా చదివేదాన్ని. సూది వేలికి గుచ్చుకున్నా తెలిసేది కాదు. "దీనికి కథ పిచ్చి పట్టింది, ఎవడు చేసుకుంటాడో" అని అమ్మీ గోల.

ఈ ఏడో బురుజు అట్టాంటి సీరియలే. చిత్తు కాగితాల కట్టలో దొరికింది నాకు, అక్కడో వారం, ఇక్కడో వారం. కొండవీటి రాజుల నాటి కథ. రాళ్ళు చెక్కే ఆయన కూతురు మల్లిక. కోటకి ఏడో బురుజు కడతా ఉంటారు. ఆమె మనసుపడిన కావలివాడు యుద్ధానికి పోతాడు, నువ్వొచ్చేదాకా బురుజు మీద దీపం పెడతానని మాటిస్తది. ఇంతలో రాజు బురుజు మూసెయ్యమంటాడు. మల్లిక లోపలే ఉండిపోద్ది. బయట గోడ లేస్తా ఉంటది, ఒక్కో రాయి, ఒక్కో రాయి. లోపల ఆమె దీపం పట్టుకుని... అక్కడికి నా పేజీలు ఆఖరు.

నవ్వుతావేందే? పదిహేడేళ్ళ పిల్లకి అది ఎట్టా ఉంటదో నీకేం తెలుసు. బస్సులో పోతా పోతా కోటప్పకొండ కనపడినా అదే కొండవీడనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేదాన్ని. కొండవీడు ఎంత దూరం చెప్పు ఇక్కడికి? ఇంతవరకూ చూడలా. పోనీ.

వీక్లీలో పాఠకుల ఉత్తరాలని ఒక పేజీ ఉండేది. "ఫలానా వారాలు దొరకలా, ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి" అని నేనో కార్డు ముక్క రాశా. పదిహేను పైసల కార్డు. వేశారు! అడ్రసుతో సహా. దానికి ముగ్గురు జవాబు రాశారు. గురజాల నుంచి ఒకాయన, మాచర్ల నుంచి ఒకాయన, నూజెండ్ల నుంచి ఒకావిడ. వాళ్ళకీ నాకు మల్లేనే, కొన్ని వారాలు ఉన్నాయి, కొన్ని లేవు. నూజెండ్లావిడకి మాత్రం ఆఖరు వారాలన్నీ ఉన్నాయి.

అప్పుడొక ఏర్పాటు చేసుకున్నాం. నా పేజీలన్నీ వదులుగా తాడు కట్టి గురజాల పంపాలి. ఆయన చదివి, తన దగ్గరున్నయ్యి మధ్యలో పెట్టి మాచర్ల పంపాలి. ఆయన నూజెండ్ల పంపాలి. ఆవిడ ఆఖరుది చేర్చి నాకు పంపితే నేను బైండు చెయ్యాలి. అప్పటి నుంచి పుస్తకం ఒక్కొక్కరి దగ్గర రెండు నెలలు. బుక్ పోస్టులో పంపేవాళ్ళం, తక్కువ పడేది. కానీ రెండు కొసలూ తెరిచి ఉంచాలి, లోపల ఉత్తరం పెట్టకూడదు. పెడితే తీసుకునేవాళ్ళ దగ్గర డబల్ గుంజుతారు. అందుకని మాటలన్నీ కార్డుల మీదే.

ఇంకోటి చెప్పలేదు కదూ. కథలో పేర్లు పెట్టుకున్నాం మేము! గురజాలాయన మంత్రి, మాచర్లాయన సేనాపతి, నూజెండ్లావిడ రాణి గంగాంబ. నేను మల్లికని, వీక్లీకి రాసిన కార్డు కింద కూడా ఆ పేరే పెట్టా. అసలు పేర్లు ఎవరివీ ఎవరికీ తెలవ్వు. కార్డులు పక్కన స్టేషనరీ కొట్టు శెట్టి గారి అడ్రసుకి వచ్చేయి, పోస్టుమాను ఎట్టాగూ అక్కడ ఆగేవాడు. శెట్టి గారు కొట్లోంచే అరిచేవాడు, "అమ్మాయ్ మల్లికా! నీకు కోట నుంచి తపాలా వచ్చింది, జిగురు చేతులు కడుక్కుని రా!" బజారంతా నవ్వు. నాకేం సిగ్గు లేదు. మల్లికా అని ఎవరన్నా పిలిస్తే నా చేతికి జిగురు లేనట్టే ఉండేది.

గంగాంబ ఎంత బాగా రాసేదనుకున్నావు! "చెల్లెమ్మా, నిన్న వాన పడింది, నీ దీపం ఆరలేదు గదా?" అని రాసేది. వాళ్ళాయన రాజకీయాల్లో తిరుగుతాడంట, ఇంటినిండా వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళేనంట, "ఇంతమందికి వండి వారుస్తా, నాతో మాట్లాడేదానివి నువ్వొక్కదానివే" అని రాసింది. ఆ కార్డు దిండు కింద పెట్టుకుని పడుకున్నా.

నేనేం చేశానంటే, పుస్తకం ఇంకా మాచర్లలో ఉండగానే అట్ట చేశా. ఇదే. అబ్బా తిట్టాడు. "ఒళ్ళు కొలవకుండా చొక్కా కుడతారంటే? పుస్తకం చేతికొచ్చినాకే అట్ట. అది పని మర్యాద" అన్నాడు. నేను వింటేనా. మందం నా మనసులోనే కొలుచుకున్నా.

పుస్తకం నూజెండ్ల చేరింది. గంగాంబ కార్డు రాసింది. "ఇప్పుడు చానా లావైంది. పోస్టులో వేస్తే తాడు తెగి పేజీలన్నీ రాలిపోతాయి. నువ్వే రా చెల్లెమ్మా. మా ఇంట్లో రెండు రోజులుండు. ఒక మంచం మీద పడుకుని ఆఖరు వారాలు కలిసి చదువుకుందాం."

అబ్బాని ఎంత బతిమాలానో. చివరికి తనూ వస్తానని సరేనన్నాడు. ఫలానా రోజు వస్తన్నానని గంగాంబకి కార్డు వేశా. పండక్కి కుట్టించిన గౌను... గౌనేంది, మతి పోయింది, లంగావోణీ వేసుకుని, పైన అమ్మీ బురఖా వేసుకుని, ఈ అట్ట తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కా. వినుకొండలో దిగి ఇంకో బస్సు. దారి పొడుగునా మిరప కల్లాలు, బస్సంతా తుమ్ములు. నేను మాత్రం రాణివాసానికి పోతన్నా.

పెద్ద మేడ. ముందు జీపు. ఆవిడ వసారాలోకి వచ్చింది. లావుగా, పచ్చగా, మొహం నిండా నవ్వు. మా వెనకాల గేటు వైపు చూస్తంది.

"ఏమయ్యా సాయిబూ, పేట నుంచేనా? మల్లికేదీ? బస్టాండులో ఉండిపోయిందా? జీపు పంపనా?"

నన్ను దాటి చూసిందే, రేష్మా. నేను ఆమె ఎదురుగానే ఉన్నా. బురఖా ముసుగు తీసే ఉన్నా. నన్ను దాటి గేటు కేసి చూసింది.

అబ్బా "ఇదేనమ్మా..." అనబోయాడు. నేను ఆయన కాలు తొక్కా. "మల్లికమ్మ రాలేకపోయిందండీ. పుస్తకం తెమ్మని మమ్మల్ని పంపింది" అన్నా.

ఏమో. నోట్లోంచి వచ్చేసింది. ఆ నవ్వు నా మీద పడి ఆరిపోవడం చూడలేకపోయానేమో.

ఆవిడ మొహం చిన్నబోయింది. నిజంగానే బాధపడింది, అబద్ధం చెప్పకూడదు. పొద్దుటి నుంచీ అరిసెలు వండించిందంట. మజ్జిగ పంపింది మాకు. గ్లాసులు పిట్టగోడ మీద పెట్టించి, "తాగి కడిగి బోర్లించండి" అంది. తర్వాత నా దగ్గరకొచ్చి, మరీ దగ్గరికి కాదులే, "ఏమే పిల్లా, మల్లిక ఎట్టా ఉంటదే?" అంది ఆశగా.

చెప్పా. "పొడుగండీ" అన్నా. "పసిమి ఛాయ. జడ నడుం దాటుద్ది."

"కళ్ళు?"

"పెద్దయ్యండీ. మాట కూడా మెత్తగా ఉంటది."

"అనుకున్నా! రాత చూస్తేనే తెలవదా" అని మురిసిపోయింది. నేను నా చేతులు వెనక్కి పెట్టుకున్నా. జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపేవాళ్ళం, గోళ్ళు ఎప్పుడూ నీలంగానే ఉండేయి నాకు.

లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. పట్టుగుడ్డలో కట్టింది. విప్పి చూపించింది. పైన ఆఖరి వారం పేజీ, నాకు తలకిందులుగా కనపడింది. బొమ్మలో రాతిగోడ, గోడ సందులో ఒక చెయ్యి. ఆ చెయ్యి లోపల్నించి బయటికొస్తందో, బయట్నించి లోపలికి పోతందో తెలవలా. కళ్ళు చిట్లించి చూస్తన్నా. గుడ్డ కప్పేసింది.

"మల్లిక చేతికే ఇస్తా. మీకివ్వను. తప్పుగా అనుకోబాక సాయిబూ, కాగితం కనపడితే మీవాళ్ళు తూకానికేస్తారు" అంది.

మా అబ్బాతో అంది. చేతులు కడుక్కుని గానీ పుస్తకం ముట్టుకోని మనిషితో. ఆయన "అట్టాగేనమ్మా" అని రెండు గ్లాసులూ కడిగి బోర్లించాడు.

నేనిక ఆగలేక అడిగా. "అమ్మగారూ, ఆ బురుజులో పిల్ల చివరికి ఏమవుద్దండీ?"

"నీకెందుకే? చదువుతావా ఏంది నువ్వు?" అని నవ్వింది. కోపంగా కాదు. పిల్లి మాట్లాడితే నవ్వినట్టు. "మల్లికని వచ్చి చదువుకోమను, అప్పుడు నీకు చెప్పుద్దిలే."

అప్పుడు చూసింది నా తువ్వాలు. "అదేంది?" అంది. విప్పి చూపించా. ఈ అట్టే. ఆవిడ కళ్ళు వెలిగినయ్యి. "అబ్బ! మల్లిక చేయించిందా? ఇచ్చి పో. పుస్తకం దీంట్లో పెట్టి ఉంచుతా" అని చెయ్యి చాపింది.

నేను మళ్ళీ తువ్వాలు చుట్టా. "మల్లికమ్మ తన చేత్తోనే ఇస్తానందండీ" అన్నా.

అంతే. ఆవిడ దగ్గర పుస్తకం, నా దగ్గర అట్ట. బస్టాండు దాకా నడిచొచ్చాం.

తిరుగు బస్సెక్కాం. వినుకొండ దాటినాక అబ్బా అన్నాడు. "పొడుగంటివి. తెల్లగంటివి. అట్టాంటి పిల్ల మన ఇంట్లో లేదే బేటీ."

ఆవిడన్న మాటకి ఏడవలా నేను. దీనికేడ్చా.

వారం తిరక్కుండా కార్డొచ్చింది. శెట్టి గారు ఎప్పటిలాగే అరిచాడు, మల్లికా అని. "చెల్లెమ్మా, ఎవరో సాయిబులు నీ పేరు చెప్పి పుస్తకానికొచ్చారు. నేను మోసపోలేదులే. భద్రంగా దాచా. నువ్వెప్పుడొస్తావు?" జవాబు రాయలా. తర్వాత "కోపమా?" అని ఒకటి. "ఒంట్లో బాగుందా?" అని ఒకటి. అట్టా కొన్నాళ్ళు వచ్చి ఆగిపోయినయ్యి. శెట్టి గారు కూడా ఖాసింబీ అనే పిలవడం మొదలుపెట్టాడు. ఎవరు చెప్పారో మరి. మా అబ్బానే చెప్పుంటాడు. గురజాల, మాచర్ల వాళ్ళు ఏమనుకున్నారో, మల్లిక పుస్తకం మింగేసిందనే అనుకునుంటారు.

ఏంది, ఫోన్లో వెతుకుతున్నావా?

"ఎక్కడా లేదు నానీ. ఆ పేరుతో ఏమీ రావట్లా."

రాదు. ఆ వీక్లీ ఎప్పుడో మూతపడింది. పుస్తకంగా వేయలేదు దాన్ని. ఆ మేడలో చెదలు తిందో, ఆవిడ పోయినాక వాళ్ళ పిల్లలే తూకానికేసుకున్నారో. అట్టా అనకూడదు. అంటా. ఎందుకనకూడదు? నన్నన్నప్పుడు ఎవరాపారు?

ఆ పిల్ల బయటికొచ్చిందో, గోడలోనే పోయిందో, ఇప్పటికీ తెలవదు నాకు. మీ తాతకి ఒకసారి ఈ కథ చెప్పా. "వచ్చే ఉంటదిలే, పడుకో" అన్నాడు. అదీ ఆయన తీరు.

ఇదిగో, ఆ రేషన్ కార్డు ఇక దీంట్లోనే పెట్టు. అదన్నా నలగకుండా ఉంటది. పేరు సరిగ్గా ఉందా చూడు. షేక్ ఖాసింబీ. ఆ.

నువ్వు కాలేజీకి పోతావు, హాస్టలంటన్నావు, అక్కడ నిన్ను దాటి గేటు కేసి చూసేవాళ్ళు ఉండకపోరు. అప్పుడు ముందు నీ పేరు చెప్పు తల్లీ. మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. అల్లా నిన్ను చల్లగా చూడాల. నీ నోట్లో నీ పేరు ఆగిపోకుండా చూడాల...

ఆ ఫ్యాను ఆపు, చలేస్తంది. మూల నలక్కుండా పెట్టావా?