మందలో మంద

తిరుమణి ఊరి సోలార్ పార్కు కంచె పక్కన గొర్రెలు మేపుతున్న మేనమామ దగ్గరికి మేనకోడలు ఫోను పట్టుకొని వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల గొర్రెల కాపర్ల కోసం ఆమె సొంతంగా ఒక చిన్న సోషల్ నెట్‌వర్క్ నడుపుతోంది.

"మామా, ఒక పెద్ద సోషల్ మీడియా కంపెనీ వాళ్ల జనాన్ని మన నెట్‌వర్క్‌లో కలుపుతామంటాంది. బ్లాక్ చేద్దామా వద్దా? నీ ఓటు చెప్పు."

"సోలార్ వాళ్లు కంచె వేసినప్పుడు గొర్రెలకు దావ లేదని ఆఫీసు ముందర అరిచింది నువ్వే కదా? ఇప్పుడు నువ్వే కంచె వేస్తాండావా?"

"అది వాళ్లేసిన కంచె. ఇది మనది."

"గొర్రెకు రెండూ ఒకటే పాపా."

"నవ్వొద్దు మామా. వాళ్లు కోట్ల మంది, మనం మూడొందల మంది. పెద్ద మందలో చిన్న మంద కలిస్తే ఏమైతాదో నీకు తెలీదా?"

"నీళ్ల కాడ రోజూ కలుస్తాయి. నేను కూతేస్తే నావి నా ఎనకాలే వచ్చేస్తాయి. నీ మూడొందల మంది నువ్వు పిలిస్తే వస్తారా?"

"ఏమో. ఆ భయమే నాకు."

"భయపడాల్సిందేలే. నేనే రెండేండ్ల నుంచి ఆ కంపెనీ దాంట్లో ఉండాను."

"నువ్వా! మరి మొన్న కుంటిగొర్రెకు జొరమొచ్చిందని మన దాంట్లో రాసిందెవురు?"

"నేనే. ఆడ కోట్ల మంది ఉండారు గానీ, నా కుంటిగొర్రె ఎట్లుండాదని అడిగేవాడు ఒక్కడూ లేడు."