నిద్రమ్మ గారు విన్న గొంతు

"సగం సారూ, ఓ సగం సారూ, టీ పెట్టాను. అది కూడా సగం తాగి వదిలేస్తారా?"

విన్నావుగా, మీ అమ్మమ్మ పిలుపు. పెళ్లయిన కొత్తల్లో పెట్టిన పేరు, ఇప్పటికీ వదల్లేదు. వస్తున్నానే, మనవరాలితో మాట్లాడుతున్నాను, అక్కడే పెట్టు. నువ్వు కూర్చో తల్లీ. ఆ తడి గొడుగు మూలకి పెట్టు, గొడుగుల సంగతి కూడా వస్తుంది ఇందులో. ఇంతకీ ఏమడిగావు? ఆ, లేబర్ ఆఫీసులో చేరబోతున్నావు కదా, మీ రోజుల్లో విచారణలు ఎలా చేసేవాళ్లు తాతయ్యా అని. మాకేం తెలుసు, మా చేత చేయించిన మనిషి ఒకావిడ ఉండేవారు. ఆవిడ సంగతి చెప్తే అన్నీ చెప్పినట్టే.

నిద్రమ్మ గారు అనుకునేవాళ్లం. ఎదురుగా కాదులే, ఎదురుగా మేడమ్ గారే. మా ఆఫీసు ఒక ప్రింటింగ్ ప్రెస్సు మీద మేడ. కింద మిషను తిరిగితే పైన గ్లాసులో నీళ్లు వణికేవి. మాటలు కూడా అరిచి చెప్పుకోవాలి. ఆ చప్పుడుకి ఇంట్లో కూడా అరిచి మాట్లాడుతున్నానని మా అమ్మ ఊరికే తిట్టేది... అది వేరే కథలే. ఆ ఆఫీసులో విచారణకి తిరిగే మా అందరికీ పైన ఈవిడ. ఫ్యాక్టరీలో సంఘం పెట్టుకున్నారని ఎవరినైనా తీసేస్తే ఫిర్యాదు మా దగ్గరికొస్తుంది. మేం వెళ్లి ఇటువాళ్లనీ అటువాళ్లనీ అడిగి, వాళ్లు చెప్పింది రాసుకొస్తాం. వాంగ్మూలం అంటారుగా, అదే. వేరేచోట అయితే ఆ కాగితాలు పై అధికారి బల్ల మీద పడేసి ఇంటికి పోవచ్చు. ఈవిడ దగ్గర కుదరదు. "చదువు నాయనా" అనేవారు. పైకి చదవాలి, మాట వదలకుండా. ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, వెనక్కి వాలి, కళ్లు మూసుకునేవారు. ఎందుకండీ అంటే, "కాగితం చూస్తే నీ దస్తూరి చూస్తూ కూర్చుంటాను, ఆ మనిషి మాట వినబడదు" అనేవారు.

నేను చదివిన మొట్టమొదటిది లారీలకి మూటలెత్తే ఆయనది. నేనేమో చదువుకున్నవాణ్ణని నిగనిగలాడే భాషలో రాసుకొచ్చాను. "యాజమాన్య ధోరణి పట్ల తీవ్ర మనస్తాపానికి గురైతిని" అని గడగడా చదివాను. ఆవిడ కళ్లు తెరవకుండానే, "ఆయన ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతాడా?" అన్నారు. లేదండీ, ఒళ్లు మండింది సారూ అన్నాడండీ అన్నాను. "అయితే అదే రాయి. మండింది ఆయన ఒళ్లు, నీది కాదు." అంతే, చిరాకు లేదు, వెటకారం లేదు. మళ్లీ వెళ్లి మళ్లీ రాసుకొచ్చాను. ఈరోజు నాకు మనిషి మాట వినడం చేతనవుతోందంటే ఆవిడ పెట్టిన భిక్షే.

ఇంకోటి చెప్పాలి, ఇది మా డ్రైవరు వీధంతా చెప్పుకుని తిరిగాడు. బేకరీ యజమాని ఒకాయన లాయరుని వెంటేసుకొచ్చాడు. ఈవిడ మామూలుగానే కళ్లు మూసుకున్నారు. లాయరు యజమాని చెవిలో, ప్రెస్సు చప్పుడులో ఎవరికి వినబడుతుందిలే అని కాస్త గట్టిగానే, "పెద్దావిడకి కునుకు పట్టింది, ఆ రెండో విషయం ఎత్తకండి" అన్నాడు. ఆవిడ కదల్లేదు. "ఎత్తండి లాయరు గారూ, దానికోసమే మేలుకుని ఉన్నాను." ఆ లాయరు తర్వాత మా మెట్లెక్కినప్పుడల్లా వక్కపొడి కూడా నమలకుండా కూర్చునేవాడు.

ఎక్కడున్నాం? ఆ, గొడుగులు. గొడుగుల ఫ్యాక్టరీలో ఊచలకి గుడ్డ కుట్టే ఆడవాళ్లు సంఘం పెట్టుకున్నారు. అందులో ముందు నిలబడ్డవాళ్లనే ఏరి బయటికి పంపేశారు. ఎందుకయ్యా అంటే, కుట్టు వంకరగా ఉందండీ, నీళ్లు కారుతున్నాయండీ అన్నారు. సంఘం వల్ల తీశారా, కుట్టు వల్ల తీశారా, తేల్చాల్సింది అదే. సంఘం వల్లే అని తేలితే పని తిరిగొస్తుంది. తేలకపోతే కుట్టు రానివాళ్లన్న ముద్ర పడుతుంది, ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీ గడపా తొక్కనివ్వరు. ఆ పని నాకు అప్పజెప్పారు. ఒక్కొక్కళ్ల ఇంటికీ వెళ్లి రాసుకుంటున్నాను. చివరికి ఒకమ్మాయి. నవ్వకు, వంటింట్లో ఉన్నావిడే. నీ కుట్టు వంకర అంటున్నారమ్మా, ఏమంటావు అని అడిగాను. బయట వాన దంచుతోంది. ఆ అమ్మాయి మూలన ఉన్న గొడుగు తీసి నా చేతిలో పెట్టింది. "ఇది నేను కుట్టిందే. వేసుకుని ఆఫీసుదాకా వెళ్లండి. తడిస్తే వెనక్కొచ్చి వంకరని రాసుకోండి." అలా చూసింది తల్లీ... ఆ చూపు ఇప్పుడు నేను చెప్పలేను, నీకు పెళ్లయ్యాక నువ్వే చెబుదువుగాని. విచారణకి వెళ్లినవాడు సాక్షి ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టుకోకూడదు. నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణాన గుర్తొస్తేగా. దర్జాగా గొడుగు వేసుకుని, చినుకు పడకుండా, పాట పాడుకుంటూ ఆఫీసుకి వచ్చాను.

చదువు నాయనా అన్నారు. మిగతావాళ్లవి బాగానే చదివాను. ఆ అమ్మాయిది ఎత్తుకున్నాను. కాసేపటికి, "ఆగు" అన్నారు. "ఇందాకటిదాకా ప్రెస్సు చప్పుడుని మించి అరిచావు. మిషను ఆగలేదు, నీ గొంతెందుకు తగ్గింది?" గొంతు పట్టేసిందండీ అన్నాను. "డ్రైవరు తడిసొచ్చాడు, బంట్రోతు తడిసొచ్చాడు. పొడిగా వచ్చినవాడివి నువ్వొక్కడివే. నీకెందుకు పట్టేసింది?" కింద మిషను దడదడా కొట్టుకుంటోంది, పైన నేను. అప్పుడు చెప్పేశాను. ఏం చెప్పానో... అది తర్వాత చెప్తాను, ఉండు.

విన్నాక ఆవిడ కళ్లు తెరిచారు. చదవడం పూర్తి కాకముందే ఆ కళ్లు తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, అప్పటికింకా పర్మనెంటు కూడా కాలేదు. "ఆ అమ్మాయికి తెలుసా?" అన్నారు. తెలియదండీ. "తెలియకపోవడమే మంచిది. ఆ అమ్మాయి నిజం చెబుతోంది నాయనా, నాకు వినబడుతోంది. కానీ రేపు ఆ కంపెనీ లాయరు నిజం వల్ల గెలిచిందనడు. విచారణకొచ్చిన సారు వల్ల గెలిచిందంటాడు. ఆ మాట ఆమె మీద పడనిస్తావా?" కాగితాలు ఆవిడ బల్ల మీద పెట్టేశాను. "ఆర్డరు వచ్చేదాకా ఆ వీధిలోకి అడుగుపెట్టకు. వచ్చాక నీ ఇష్టం. పై ఆఫీసుకి చెప్పాల్సింది నేను చెప్పుకుంటాను." డ్రైవర్ని పిలిచి అప్పటికప్పుడు గొడుగు తిప్పి పంపించారు. ఆఫీసులో అందరికీ ఏం చెప్పారో తెలుసా? "బేకరీ పని వెనకబడింది, ఇతన్ని అటు వేశాను." అంతే. నాకు చిన్న మచ్చ కూడా పడనివ్వలేదు.

ఇక అక్కణ్ణుంచి ఆవిడే తిరిగారు. మోకాలు నొప్పి మనిషి. వాళ్ల ఇళ్ల ఇరుకు మెట్లు గోడ పట్టుకుని ఎక్కి, అందరి దగ్గరా మళ్లీ మొదట్నుంచీ రాసుకున్నారు. ఆ ఒక్కమ్మాయిదే మళ్లీ రాస్తే నలుగురూ ఏమంటారోనని, అందరివీ. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు... ఆ తువ్వాలు ఇలా ఇవ్వు. ఏం లేదు, చెమట.

గెలిచారు. అందరూ మళ్లీ పనిలోకి వెళ్లారు. ఆ కబురు డ్రైవరు చెప్పాడు నాకు. ఆ సాయంత్రమే ఆ వీధిలోకి వెళ్లాను. మీ అమ్మమ్మ గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. "ఏం సారూ, సగంలో వదిలేసి పోయారు. గొడుగు కూడా తిప్పి పంపారు. మా యజమానంటే అంత భయమా?" అసలు మాట నోటిదాకా వచ్చింది. అప్పుడే గెలిచి, నా కుట్టు నిలబడింది, నా మాట నిలబడింది అని మెరిసిపోతున్న మొహం అది. దాని ముందు నా గొడవ ఎందుకు పెట్టడం? అవును, భయపడ్డాను అన్నాను. పకపకా నవ్వింది. "పోన్లెండి, ఒప్పుకున్నారు, మనిషి మంచివాడే" అంది. ఆ నవ్వుతోనే మొదలైంది మా సంసారం. పెళ్లికి నిద్రమ్మ గారు వచ్చి ముందు వరసలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. అందరూ నిద్రపోయారనే అనుకున్నారు. వెళ్తూ వెళ్తూ నా దగ్గరికొచ్చి, "ఇవాళ గొంతు బాగుంది నాయనా" అన్నారు. దండం పెట్టుకుందామని వంగేలోపు డ్రైవరు చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయారు.

ఆవిడ పోయి ఎన్నేళ్లయిందో. రేపు నువ్వు అలాంటి కుర్చీలో కూర్చుంటావు, అందుకే నీకు చెప్పాలనిపించింది తల్లీ. ఏమిటి? ఆవిడతో ఏం చెప్పానా? అదీ... టీ తెమ్మను ముందు. ఏమిటి, ఎవరిని చూస్తున్నావు నా వెనక?

నువ్వెప్పుడొచ్చావే? ఎంతసేపైంది ఆ గుమ్మానికి ఆనుకుని? గ్లాసు వంగిపోతోంది చూసుకో. ఆ కళ్లు మూసుకోవడమేమిటి ఆవిడలాగా. సరే... సరే, మూసుకునే ఉండు. అలా అయితే చెప్పగలను. నాకు మీ యజమానంటే భయం లేదే. ఆ అమ్మాయంటే ఇష్టమండీ అని చెప్పాను ఆవిడతో. ఆవిడకే చెప్పాను, నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వంటే ఇష్టమే నాకు.