బొత్తాల డబ్బాలో పద్దెనిమిది మాత్రలు

ఈజిప్టు, దమ్యాత్ పట్టణం, కోర్టు ప్రాసిక్యూటరు గది. రంజాన్ తర్వాతి షవ్వాల్ నెల పన్నెండో తేదీ, మంగళవారం, ఉదయం పదింబావు. సాక్షి తనంతట తాను వచ్చి చెప్పగా రాసుకున్నది.

నా పేరు నగాత్. తండ్రి పేరు బసియూనీ, చనిపోయాడు. వయసు నలభై ఆరు. సోఫాలకు గుడ్డలు కుడతాను. పెళ్లి కాలేదు. నేనూ నా తమ్ముడు వఫీకూ ఒకే ఇంట్లో ఉంటాం. వాడికి ముప్పై ఎనిమిదేళ్లు, కొయ్య మీద చెక్కడం పని. ఈ కేసులో ముద్దాయి వాడే.

రంజాన్ పందొమ్మిదో రోజు సాయంత్రం నేను ఠాణాలో ఒక వాంగ్మూలం ఇచ్చాను. అందులో ఒక అబద్ధం ఉంది. అది సరిచేయడానికి వచ్చాను. నాకు భయంగా ఉంది. అది కూడా రాయమని గుమాస్తాగారిని అడిగాను.

మా తమ్ముడికి ఎవరూ లేకుండానే మాటలు వినిపించే జబ్బు. రెండేళ్ల క్రితం వీధిలో ఎవరిదో కారు అద్దం పగలగొడితే జడ్జిగారు వాణ్ణి జైలుకు పంపలేదు. ఇంట్లోనే ఉండి మా పేట క్లినిక్కులో వైద్యం చేయించుకోమన్నారు. మందు వేయించే పూచీ నాదని నేను సంతకం పెట్టాను. పొద్దున ఒక మాత్ర, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. రెండేళ్లు ఒక్క పూట తప్పలేదు. వాడు మళ్లీ ఉలి పట్టాడు.

రంజాన్ ముందు క్లినిక్కు డాక్టర్ సఫీనాజ్ నాతో, "జబ్బు మనిషికి ఉపవాసం అక్కర్లేదమ్మా. ఉంటానని పట్టుబడితే ముందు నా దగ్గరికి తీసుకురా, మందు వేళలు మారుస్తాను" అంది. నేను తీసుకెళ్లలేదు. పండుగ ముందు నాకు ఊపిరాడని పని. పైగా పోయినేడు రంజాన్‌లో పక్కింటి కరీమా వాళ్లమ్మ మెట్ల మీద నన్ను ఆపి, "ఏమే నగాత్, మీవాడు పట్టపగలు వీధిలో గటగటా నీళ్లు తాగుతున్నాడు, మేం కనపడటం లేదా వాడికి?" అంది. ఆ మాట ఏడాదంతా నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

నెలవంక కనిపించిన సాయంత్రం వఫీక్ నా ముందు కూర్చుని, "అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ఒక్క నెల నన్ను నలుగురిలో మనిషిగా ఉండనీ" అన్నాడు. నా మనసు కరిగిపోయింది. తెల్లవారుజాము భోజనంతో ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర ఇచ్చాను. మధ్యాహ్నం మాత్ర మానేశాను. మందు పారేయడానికి చేతులు రాక, రోజూ దాన్ని నా బొత్తాల డబ్బాలో వేశాను.

పది రోజులు బాగానే ఉన్నాడు. సాయంత్రం ఉపవాసం విడిచే ఫిరంగి మోగేదాకా ఖర్జూరం చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. వీధిలో వాళ్లు వాడికి సలాం చెప్పారు. నేను మురిసిపోయాను, నిజం చెబుతున్నాను.

పన్నెండో రోజు వాడు గదిలోని అద్దాన్ని గోడకేసి తిప్పాడు. పద్నాలుగో రోజు, "అందులోవాడు నన్ను చూస్తున్నాడక్కా, దీనికి తొడుగు కుట్టవా" అన్నాడు. కుట్టిచ్చాను. ఆకుపచ్చ మఖ్మల్ గుడ్డ, సోఫాకు పోను మిగిలిన ముక్క. నాలుగు పక్కలా కుట్టాను. అప్పటికే నాకు తెలుసు. తెలిసే కుట్టాను. ఆ రోజు నుంచి కత్తెర నా దిండు కింద పెట్టుకున్నాను. సొంత తమ్ముడికి భయపడ్డాను.

పందొమ్మిదో రోజు సాయంత్రం నాలుగూ పదికి వాడు కొయ్యసుత్తితో మెత్వల్లి హాజీగారి బీరువాల దుకాణంలోకి వెళ్లాడు. ఆరు బీరువాల అద్దాలు పగలగొట్టాడు. అడ్డం వెళ్లిన హాజీగారికి మణికట్టు తెగింది. పదకొండు కుట్లు పడ్డాయి. నేను పరుగెత్తుకెళ్లేసరికి నాలుగున్నర. హాజీగారు చేతికి గుడ్డ చుట్టుకుంటూ, "అమ్మాయ్, మీవాడు కొట్టింది నన్ను కాదు. నా వెనక అద్దంలో ఉన్నవాణ్ణి" అన్నారు. వఫీక్ గాజుపెంకుల మధ్య కూర్చుని ఉన్నాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పోలీసు నీళ్లిస్తే తాగలేదు. నన్ను చూసి, "ఫిరంగి మోగిందా అక్కా?" అని అడిగాడు.

ఠాణాలో ఇన్‌స్పెక్టరు, "మందు వేస్తున్నావా లేదా? వేయకపోతే ముందు నిన్నే లోపల వేయాలి" అని గద్దించాడు. "అల్లా తోడు, ఒక్క పూట తప్పలేదు" అన్నాను. ఉపవాసం నోటితో అన్నాను. అదే ఆ అబద్ధం.

పండుగ అయ్యాక డాక్టర్ సఫీనాజ్ ఇంటికొచ్చింది. నేను నిజం చెబితే తల పట్టుకుంది. "ఎంత పని చేశావ్ నగాత్! మందు సరిగ్గా వేసుకునే మనిషి తెలివితోనే పగలగొట్టాడని పోలీసులు రాసుకున్నారు. మూడేళ్లు జైలు అడుగుతున్నారు. నీ నోటితో నువ్వే వాణ్ణి లోపలికి తోశావు" అంది.

మొన్న శనివారం జైలుకెళ్లి వాణ్ణి చూశాను. ముందు పన్ను లేదు. ఏమైందిరా అంటే పడ్డానన్నాడు. "ఇక్కడ అద్దాల్లేవక్కా, హాయిగా ఉంది" అన్నాడు. మూడు వారాలకే పన్ను పోయింది. మూడేళ్లకు మనిషి మిగులుతాడా?

ప్రాసిక్యూటరుగారు నన్ను అడిగారు: "పూచీ తప్పానంటున్నావు, అబద్ధమాడానంటున్నావు. నీ మీద కేసు పెట్టొచ్చు, తెలుసా?"

తెలుసునని చెప్పాను.

"మరి ఇంటికి పంపితే వాణ్ణి చూసేదెవరు?"

"క్లినిక్కులో పదిహేను రోజులకొక సూది వేస్తారటండి. మాత్రలు నా చేతికి ఇవ్వకండి. నన్నేమైనా చేయండి. వాణ్ణి మాత్రం జైల్లో ఉంచకండి."

బొత్తాల డబ్బా బల్ల మీద పెట్టాను. గుమాస్తాగారు బొత్తాలు పక్కకు తీసి మాత్రలు లెక్కపెట్టారు. పద్దెనిమిది ఉన్నాయి.

"పందొమ్మిది రోజులన్నావు. ఇదీ అబద్ధమేనా?" అన్నారు ప్రాసిక్యూటరుగారు.

కాదండి. పందొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు నాకు భయం ఆగలేదు. "ఇక చాలు, వేసుకోరా" అని మాత్ర వాడి చేతిలో పెట్టాను. "ఫిరంగి మోగనీ అక్కా, తప్పకుండా వేసుకుంటా" అని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పట్టుకున్నప్పుడు పోలీసులు తీసుకున్న ఆ చొక్కా మీ దగ్గరే ఉంది.

పదకొండూ ఐదుకు చొక్కా తెప్పించి నా ఎదుటే సంచి సీలు విప్పారు. గాజుపొడి రాలింది. జేబులో ఎండిపోయిన ఖర్జూరం ఒకటి ఉంది. దానికి అంటుకుని మాత్ర ఉంది.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఈసారి చెప్పింది నిజం, నన్నెవరూ బెదిరించి చెప్పించలేదు. నాకు సంతకం చేయడం వచ్చు. పూచీకి పెట్టిన సంతకం నిలబెట్టుకోలేదు కాబట్టి వేలిముద్ర వేస్తున్నాను.

నగాత్ బసియూనీ, ఎడమ బొటనవేలి ముద్ర.