కన్వర్టరు మీది కుంకుమబొట్టు

1991 జూన్ 10న కొవ్వూరులోని మన గౌతమీతీర ఎలక్ట్రానిక్స్ సంస్థలో జూనియర్ ఇంజనీరుగా అడుగుపెట్టిన శ్రీమతి రత్నమాణిక్యం గారు, ఈ నెలాఖరున ముఖ్య ఇంజనీరుగా పదవీ విరమణ చేస్తున్నారు. తొలినాళ్ళలో చేపల చెరువుల మోటార్లకు కంట్రోలు బాక్సులు రూపొందించిన ఆ విదుషీమణి, విమానాల విభాగం ఏర్పడగానే దాని బాధ్యతను స్వీకరించారు. విమానపు జనరేటరు ఇచ్చే కరెంటును లోపలి పరికరాలకు తగినట్టు మార్చే కన్వర్టరును తయారుచేయడం ఆ విభాగం పని.

తొలి కన్వర్టరు సిద్ధమయ్యేసరికి దసరా వచ్చింది. ఆయుధపూజ చేయకుండా యంత్రాన్ని గడప దాటిస్తామా! మేడమ్ గారు సరేననగానే, అసెంబ్లీలో పనిచేసే ప్రసన్నకుమారి గారు మూత బిగించని ఆ పెట్టెకు తడికుంకుమతో బొట్టు పెట్టారు. బెంగళూరులో, ఆకాశంలోలాగా గాలిని పలచన చేసే పరీక్షగదిలో అది నిప్పురవ్వ చిమ్మి ఆగిపోయింది. విప్పి చూస్తే, కరెంటు తీగలు బిగించే రెండు టెర్మినళ్ళ మధ్య కుంకుమ కారిన ఎర్రని చార.

ఆ కన్వర్టర్ల ఆర్డరు పోతే విభాగమే మూతపడుతుందని అందరికీ తెలుసు. తుడిచి మళ్ళీ పెడితే కన్వర్టరు పరీక్షకు నిలిచింది. పరీక్ష జరిపిన అధికారి ఆమోదపు సంతకానికి కలం తీశారు. మేడమ్ గారికి మాత్రం మనసొప్పలేదు.

“సంతకం ఇప్పుడు వద్దండి. ఇవాళ కుంకుమ, రేపు తేమ. విమానంలో కూర్చున్నవాళ్ళు దిగి తుడుచుకోలేరు కదండీ. ఆ రెండు టెర్మినళ్ళ మధ్య దూరం పెంచి తెస్తాం.”

ఆర్డరు ఆ ఏడాది వేరొకరికి వెళ్ళిపోయింది. విభాగమంతా మళ్ళీ చెరువుల మోటార్ల దగ్గరికి చేరింది. కొందరు మేడమ్ గారితో మాటలు మానేశారు. అవేమీ పట్టించుకోనట్టే కనిపించినా, ఆ రోజుల్లో మేడమ్ గారికి క్యారేజీ అన్నం సయించేది కాదు. తన వల్లే ఇదంతా అని కుమిలిపోతున్న ప్రసన్నకుమారి గారిని మాత్రం దగ్గర కూర్చోబెట్టుకొని, “పెట్టమన్నది నేను. ఏడుపు నీకెందుకమ్మా?” అన్నారు.

కొత్త నమూనా నెగ్గింది. పోయిన ఆర్డరు తిరిగి వచ్చింది. పూజ మానలేదు గాని, అప్పటినుంచి బొట్టు యంత్రానికి కాక, దాన్ని బిగించిన చేతికి పెట్టడం మన ఆనవాయితీ అయింది.

నిన్న తమ చివరి కన్వర్టరు మూత స్వయంగా బిగించి, రత్నమాణిక్యం గారు చేయి చాపారు. బొట్టు పెట్టిన ప్రసన్నకుమారి గారు ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. సంతకాన్ని ఆపిన ఆ చేయి చల్లగా ఉండాలనీ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళూ మనవారినందరినీ దీవిస్తూనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.